నాట్రంపల్లి సరిహద్దున సారాయి: నిషేధాలు, కల్తీలు

నాట్రంపల్లి చెన్నై–బెంగళూరు రహదారి మీద వాణియంబాడికీ బర్గూరుకీ నడుమ ఉన్న ఊరు. అడవి కొండలు దాటి ఉత్తరానికి పోతే కుప్పం, పడమటికి పోతే కృష్ణగిరి జిల్లా, ఇంకా పైకి కోలారు. కర్ణాటకలో పుట్టిన పాలారు కుప్పం మీదుగా దిగి వాణియంబాడి దగ్గర తమిళనాడులో అడుగు పెడుతుంది. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. చుట్టరికాలు, సంతలు, కూలిపనులు మూడు రాష్ట్రాల్లోనూ అల్లుకుని ఉంటాయి. అందుకే మద్యం చట్టం ఏ ఒక్క వైపున మారినా దాని ఫలితం మిగతా రెండు వైపులా కనిపిస్తూ వచ్చింది.

బ్రిటిషు కాలంలో ఈ సరిహద్దులు వేరుగా ఉండేవి. 1911లో చిత్తూరు కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు, అంతవరకు సేలం జిల్లాలో ఉన్న తిరుపత్తూరు తాలూకాను ఉత్తర ఆర్కాటులో కలిపారు. నాట్రంపల్లి ప్రాంతం అలా ఉత్తర ఆర్కాటుకు వచ్చింది, తర్వాత వేలూరు జిల్లాలో ఉండి, 2019 నుంచి తిరుపత్తూరు జిల్లాలో ఉంది. మద్యనిషేధం మొదట జిల్లాల వారీగా వచ్చింది కాబట్టి ఏ ఊరు ఏ జిల్లాలో ఉందన్నది ఒక దశలో చాలా ముఖ్యమైంది.

అంతకు ముందు ఈ ప్రాంతానికి మద్యం అంటే ప్రధానంగా కల్లు, సారాయి. కల్లు తాటి, ఈత, కొబ్బరి చెట్ల నుంచి వచ్చేది. గీత కులాలవారు, తెలుగు వైపున ఈడిగలు, తమిళ వైపున షాణార్లు, పొద్దున్నే చెట్టెక్కి ముంత దించేవారు. ముంత లోపల సున్నం పూస్తే నీరు పులియక తియ్యగా ఉండి బెల్లానికి పనికొచ్చేది. పూయకపోతే మధ్యాహ్నానికల్లా కల్లయ్యేది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కల్లుకూ సారాయికీ నడుమ గీత గీసింది. కల్లు గీసే చెట్టుకు పన్ను కట్టాలి, చెట్టుకు గుర్తు వేయించుకోవాలి. సారాయి మాత్రం ఊళ్ళో కాయడానికి వీల్లేదు. లైసెన్సు పొందిన పెద్ద డిస్టిలరీల నుంచి గుత్తేదారు తెచ్చి అంగడిలో పోయాలి. అంగళ్ళ వేలం పాట మద్రాసు ప్రభుత్వానికి భూమిశిస్తు తర్వాత చెప్పుకోదగ్గ ఆదాయం. ఊళ్ళో కాచుకునే సారాయి నేరమైంది నిషేధం వల్ల కాదు, ఈ గుత్త విధానం వల్ల. దొంగసారాయి కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

సహాయ నిరాకరణ రోజుల్లో, 1921లో, కల్లు అంగళ్ళ ముందు పికెటింగులు జరిగాయి. ఈరోడులో పెరియార్ కుటుంబపు స్త్రీలు నాగమ్మై, కన్నమ్మాళ్ కూడా అందులో నిలిచారు. రాజాజీ 1925లో తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం పెట్టి, మద్యనిషేధం కోసమే ‘విమోచనం’ అనే తమిళ పత్రిక నడిపారు. 1937లో ఆయన మద్రాసు ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) కాగానే నిషేధ చట్టం తెచ్చి, అక్టోబరు 1న తన సొంత జిల్లా సేలంలో మొదటగా అమలు చేశారు. ఏడాది తిరిగేసరికి 1938 అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలు నిషేధంలోకి వచ్చాయి. ఉత్తర ఆర్కాటు వంతు 1939 అక్టోబరులో వచ్చింది. పోయిన అబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లోనే అమ్మకం పన్ను పెట్టారు.

పటం ముందు పెట్టుకుని చూస్తే ఆ రెండేళ్ళ విచిత్రం తెలుస్తుంది. కృష్ణగిరి, బర్గూరు అప్పట్లో సేలం జిల్లాలోవి, అక్కడ 1937 నుంచే అంగళ్ళు మూతపడ్డాయి. కుప్పం చిత్తూరు జిల్లాది, 1938 నుంచి అక్కడా లేవు. నడుమ ఉత్తర ఆర్కాటు అంచున నాట్రంపల్లి, వాణియంబాడి వైపు మాత్రం 1939 దాకా అంగళ్ళు తెరిచే ఉన్నాయి. మైసూరు సంస్థానంలోని కోలారులో ఆ తర్వాత కూడా ఉన్నాయి. తాగాలనుకున్నవాడికి నాలుగు మైళ్ళ నడక, అమ్మాలనుకున్నవాడికి రాత్రిపూట ఒక బండి చాలు. ఒక జిల్లాలో మూస్తే పక్క జిల్లాలో అమ్మకం పెరుగుతుందన్న సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. ఒక్కసారిగా అంతటా అమలు చేసే ధైర్యం, డబ్బు అప్పుడు లేవు.

రాజాజీ మంత్రివర్గం 1939 చివర రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నరు పాలన నిషేధాన్ని పక్కన పెట్టింది. 1946 అక్టోబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో తిరిగి తెచ్చింది. తిండివనం ప్రాంతపు తెలుగు రెడ్డి కుటుంబంలో పుట్టిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రధానిగా ఉండగా, 1948 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా అమలైంది. ఆంధ్ర రాష్ట్రం 1953లో విడిపోయినప్పుడు నిషేధం వారసత్వంగా వచ్చింది. దాన్ని సమీక్షించడానికి వేసిన ఎస్.వి. రామమూర్తి సంఘం ఎత్తివేయమంది, ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ వివాదంలోనే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. కల్లు విషయంలో ఒక ప్రభుత్వమే పోయిందంటే గీత వృత్తి మీద ఆధారపడిన కుటుంబాలు ఎన్ని ఉండేవో ఊహించుకోవచ్చు.

అంగళ్ళు మూతపడ్డాక సారాయి అడవికెక్కింది. జవ్వాది కొండలు, పేర్ణాంపట్టు అడవులు, కుప్పం వైపు లోయలు బట్టీలకు అనువైన చోట్లు. నీటి వాగు, కట్టెలు, పోలీసులు వచ్చే దారి దూరం నుంచే కనిపించే ఎత్తు, ఈ మూడూ ఉంటే చాలు. బెల్లం, తెల్లతుమ్మ పట్ట కలిపి కుండలోనో డ్రమ్ములోనో నాలుగైదు రోజులు ఊరబెడతారు. అది ఊట. త్వరగా పొంగడానికి, ఘాటు పెరగడానికి నవాసారం వేస్తారు. ఊటను పొయ్యి మీద కాచి, పైన చల్లటి నీళ్ళ గిన్నె పెట్టి, చల్లబడి బొట్లుగా కారిన ఆవిరిని గొట్టంతో బయటికి తీస్తారు. ఇప్పటికీ ఈ కొండల్లో దాడి జరిగిందంటే పోలీసులు చేసే మొదటి పని ఊట డ్రమ్ములు నేలపాలు చేయడమే.

ఒక విషయం ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. బెల్లం ఊటతో కాచిన నాటుసారాయి మంచిదేమీ కాదు, అందులో మురికి, మందులు, ఎరువులు ఏవైనా చేరవచ్చు. అయితే ఒకే రాత్రి పదుల మంది చనిపోయే దుర్ఘటనలు సాధారణంగా దానివల్ల జరగలేదు. బెల్లం పులిసినప్పుడు పుట్టే మిథనాల్ చాలా కొద్ది. మూకుమ్మడి చావులకు కారణం కాచే శ్రమ లేకుండా, ఫ్యాక్టరీలకని వచ్చిన మిథనాల్‌ను నీళ్ళలో కలిపి సారాయి పేరుతో అమ్మడం. చూపుకు, వాసనకు అది మామూలు సారాయిలాగే ఉంటుంది, తాగినవాడికి తేడా తెలియదు. బట్టీ పెట్టడానికి రోజులు కావాలి, డ్రమ్ము తేవడానికి ఒక ఫోను చాలు. కొండల్లో బట్టీలు పగలగొట్టేకొద్దీ వ్యాపారికి ఈ రెండో దారే లాభంగా కనిపిస్తుంది. కల్తీ చరిత్రలో పోలీసు లెక్కలు చూపని భాగం ఇదే.

పారిశ్రామిక స్పిరిట్ తాగుడులోకి చేరుతుందని ప్రభుత్వానికి మొదటి నుంచీ తెలుసు. డీనేచర్డ్ స్పిరిట్, మిథైల్ ఆల్కహాల్, ఫ్రెంచి పాలిష్ అనే వార్నిష్, ఈ మూడింటి అమ్మకాన్ని అదుపు చేయడానికి మద్రాసు రాష్ట్రం 1959లోనే ప్రత్యేక నియమాలు చేసింది. బల్లలకు పూసే వార్నిష్‌ను మద్యనిషేధ చట్టం కింద నియంత్రించవలసి రావడం ఆ కాలపు పరిస్థితికి నిలువెత్తు సాక్ష్యం.

తర్వాతి నాలుగు దశాబ్దాల్లో మూడు రాష్ట్రాల చట్టాలు ఒకదానికొకటి పొంతన లేకుండా మారాయి. ఆంధ్రప్రదేశ్ 1960ల చివర నిషేధాన్ని వదిలేసింది. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం 1971 ఆగస్టులో ఎత్తివేసి, 1974 నాటికి మళ్ళీ పెట్టింది. ఎం.జి.ఆర్. 1981లో కల్లు, సారాయి అంగళ్ళు తెరిపించి, 1983లో ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్‌ను స్థాపించి, 1987 జనవరి నుంచి కల్లు సారాయిలను మళ్ళీ ఆపేశారు. 1990లో చౌక మద్యం తిరిగొచ్చి 1991లో పోయింది. ఇటు ఆంధ్రలో ‘వరుణ వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాయి ప్యాకెట్లు అమ్మించిన రోజులు, ఆ తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరాటం అందరికీ తెలిసినవే. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా సారాయి ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో సడలింది. అలా 1993 నుంచి 2007 దాకా ఈ మూడింటిలో చట్టబద్ధంగా సారాయి దొరికింది కర్ణాటకలోనే. అక్కడి ప్యాకెట్లు కుప్పం వైపు, కృష్ణగిరి వైపు దిగుతూ వచ్చాయి.

కర్ణాటక 2007 జూలై 1న సారాయిని నిషేధించింది. ఏడాది నిండకముందే, 2008 మే నెలలో, బెంగళూరు చుట్టుపక్కల, కోలారు జిల్లాలో, సరిహద్దుకు ఇవతల కృష్ణగిరి జిల్లాలో కల్తీ సారాయి తాగి సుమారు 150 మంది చనిపోయారు. చాలామంది దినకూలీలు. 1981 జూలైలో బెంగళూరులో అంతకన్నా ఘోరంగా 300 మందికి పైగా పోయారు, అప్పుడు సారాయి మీద నిషేధం లేదు. నిషేధం ఉన్నా, లేకున్నా, చౌకగా అమ్మేవాడికి మిథనాల్ అందుబాటులో ఉంటే ఫలితం ఒకటేనని ఈ రెండు ఘటనలూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. 1991 తర్వాత తమిళనాడులో కూడా 2001లో పన్రుట్టి దగ్గర, 2023 మేలో మరక్కాణం, చెంగల్పట్టు ప్రాంతాల్లో ఇలాంటి చావులు జరిగాయి.

చట్టం ఒక గుంపును చాటుకు నెట్టినప్పుడు కల్తీ ఎలా పెరుగుతుందో చెప్పడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయినా, న్యూయార్కు మద్యం లైసెన్సుల అధికారులు స్వలింగ ప్రియులకు మద్యం పోసే బార్లను ‘అసభ్య స్థలాలు’గా లెక్కగట్టి లైసెన్సులు రద్దు చేస్తూ వచ్చారు. గౌరవంగా నడిపే యజమానులు భయపడి తప్పుకుంటే, ఆ చోటు నేర ముఠాల చేతికి పోయింది. క్రిస్టఫర్ వీధిలోని స్టోన్‌వాల్ ఇన్ అలాంటిదే. లైసెన్సు లేదు, గ్లాసులు కడగడానికి కౌంటరు వెనక కొళాయి నీళ్ళు లేవు, పోసేది నీళ్ళు కలిపిన మద్యం, ధర మాత్రం ఎక్కువ. అక్కడికి వచ్చినవాళ్ళు ఫిర్యాదు చేయలేరు. పేరు బయటపడితే ఉద్యోగం, ఇల్లు రెండూ పోతాయి. 1966 ఏప్రిల్‌లో కొందరు కార్యకర్తలు జూలియస్ అనే బార్‌కు వెళ్ళి, తాము స్వలింగ ప్రియులమని చెప్పి మద్యం అడిగి, నిరాకరణను బయటపెట్టారు. 1969 జూన్ 28 తెల్లవారుజామున స్టోన్‌వాల్ మీద పోలీసు దాడి జరిగితే జనం ఎదురు తిరిగారు. మనుషులను చాటుకు తోసే చట్టం వాళ్ళ గ్లాసులో ఏముందో అడిగే హక్కును కూడా లాక్కుంటుందని ఆ బార్ల చరిత్ర చూపిస్తుంది.

ఇదే పరిస్థితి మనవాళ్ళకు గల్ఫులో ఎదురవుతుంది. కడప, చిత్తూరు జిల్లాల నుంచి కువైట్‌కు పనికి వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అక్కడ మద్యం అమ్మడం, తాగడం రెండూ నేరం. 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన మద్యం తాగి 23 మంది మరణించారనీ, 160 మంది ఆసుపత్రి పాలయ్యారనీ కువైట్ ఆరోగ్యశాఖ ప్రకటించింది. బాధితులంతా ఆసియా దేశాలవాళ్ళు, వారిలో భారతీయులు చాలామంది. ఆసుపత్రికి వెళితే పట్టుబడతామని, దేశం నుంచి పంపేస్తారని భయపడే కూలీకి ఆలస్యమే ప్రాణాంతకం.

ఆలస్యం ఎందుకు చంపుతుందో మిథనాల్ పనిచేసే తీరు చెబుతుంది. తాగిన వెంటనే మామూలు మత్తే కనిపిస్తుంది. కాలేయం దాన్ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. దానికి పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు పట్టవచ్చు. ఆ తర్వాతే కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ళ ముందు మంచు కమ్మినట్టు మసక మొదలవుతాయి. నిన్నటి తాగుడు దిగలేదని పడుకున్నవాడు చూపు పోయి లేస్తాడు. కొన్ని చెంచాల మిథనాల్ కూడా ప్రాణం తీయగలదు. త్వరగా చేరితే విరుగుడు ఉంది. ఆ మార్పును అడ్డుకునే ఫోమెపిజోల్ మందు, అది లేనిచోట వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే శుద్ధమైన ఇథనాల్, రక్తంలోని విషాన్ని తీసేసే డయాలిసిస్. ఒకరికి లక్షణాలు కనిపిస్తే, అదే సీసా తాగిన మిగతావాళ్ళు బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

2024 జూన్‌లో కళ్ళకురిచ్చి పట్టణంలోని కరుణాపురంలో ఈ సంగతి దారుణంగా రుజువైంది. ప్యాకెట్ సారాయి తాగినవాళ్ళు తర్వాతి గంటల్లో ఒకరి వెంట ఒకరు పడిపోయారు. పుదుచ్చేరి జిప్‌మర్‌కు, సేలం, విళుప్పురం ఆసుపత్రులకు తరలించినా 65 మందికి పైగా చనిపోయారు. ఆ నెలలోనే తమిళనాడు నిషేధ చట్టాన్ని సవరించి, కల్తీ సారాయి వల్ల చావు జరిగితే యావజ్జీవ శిక్ష, పది లక్షలకు తగ్గని జరిమానా పెట్టింది.

ఇప్పుడు కల్తీ ప్యాకెట్టును దాటి సీసాలోకి కూడా వచ్చింది. తమిళనాడులో 2003 నుంచి చిల్లర అమ్మకం టాస్మాక్‌దే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ దుకాణాలు వచ్చి, 2024లో మళ్ళీ ప్రైవేటు చేతికి పోయాయి. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారు చేసే కేంద్రాన్ని ఎక్సైజ్ అధికారులు పట్టుకున్నారు. స్పిరిట్‌కు రంగు, ఎసెన్స్ కలిపి, పేరున్న బ్రాండ్ల లేబుళ్ళు అంటించిన సీసాల్లో నింపితే కొనేవాడికి తేడా కనిపించదు. ఆ తర్వాత మూత మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివి సీసా అసలుదో కాదో తేల్చుకునే ఏర్పాటు ప్రభుత్వం చేసింది. దుకాణంలో సీసా కొనేవాడికి అది పనికొస్తుంది. నాట్రంపల్లి కొండ అంచున చీకట్లో ప్యాకెట్ కొనే కూలీకి మాత్రం చదవడానికి ఏ కోడూ ఉండదు.