నాన్న ఫియట్, నా గుండె, వాల్‌చంద్ గారి ఓడలు

"మీ కారుకి పవర్ స్టీరింగ్ ఉందా?"

బైపాస్ అయిన ఆరో వారం చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు అడిగిన ప్రశ్న ఇది. మా ఆవిడ నా వంక చూసింది. నేను గోడ మీద ఉన్న గుండె బొమ్మ వంక చూశాను. ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకదానికి ఉంది, అది మా ఆవిడది. రెండోది 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని. మా వైజాగ్‌లో దాన్ని ఎవరూ పద్మిని అనరు, ఫియట్ అనే అంటారు. దానికి పవర్ స్టీరింగ్ లేదు, పవర్ బ్రేకులు లేవు, సీటు బెల్టులు కూడా లేవు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది, ఎడం చెయ్యి పైకెత్తి లాగాలి. ఆగి ఉన్న బండిని పక్కకి తిప్పాలంటే రెండు భుజాల బలమూ ఛాతీ మీదికొస్తుంది.

బైపాస్‌లో ఛాతీ ఎముకని మధ్యకి కోసి, పని అయ్యాక తీగలతో బిగించి కుడతారు. అది పూర్తిగా అతుక్కోడానికి మూడు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా బరువులెత్తకూడదు, తొయ్యకూడదు, లాగకూడదు. దగ్గొస్తే దిండుని గుండెలకి హత్తుకుని దగ్గాలి. "మూడు నెలలయ్యాక మీ ఇష్టం. కానీ ఆ బండి మధ్యలో ఆగిపోతే?" అన్నారాయన.

ఆగిపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ బండి మా ఇంటికెలా వచ్చిందో చెప్పాలి, దానికి కాస్త చరిత్ర కావాలి.

మా నాన్న హిందుస్తాన్ షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్. వైజాగ్‌లో ఆ పేటని ఇప్పటికీ 'సింధియా' అనే అంటారు. సిటీ బస్సు కండక్టరు అలాగే కేకేస్తాడు. ఆ పేరు గ్వాలియర్ రాజులది అనుకునేవాళ్ళు మా క్లాసులో చాలామంది ఉండేవాళ్ళు (నేనూ అనుకున్నాను). పేటకి ఆ పేరు వచ్చింది మాత్రం సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ నుంచి. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, ఆయన భాగస్వాములూ కలిసి పెట్టిన ఓడల కంపెనీ. ఆ కంపెనీయే వైజాగ్‌లో ఓడలు కట్టడానికి పూనుకుంటే 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపానువాళ్ళు వైజాగ్ మీద బాంబులు వేశారు. అయినా యార్డు కట్టారు. 1948 మార్చి 14న నెహ్రూగారు 'జల ఉష'ని నీళ్ళలోకి వదిలారు. 1952లో ప్రభుత్వం ఎక్కువ వాటా తీసుకుంది, 1961 నాటికి మొత్తం తీసేసుకుంది.

ఇదంతా కారు కథలోకి ఎందుకొచ్చిందంటే, మా నాన్న జీతం తీసుకున్న యార్డుకీ, ఆయన కొన్న కారుకీ పునాది వేసింది ఒకే మనిషి. అదే వాల్‌చంద్. ఈ సంగతి నాన్నకి తెలుసు. ఎవరైనా "ఏమండీ, అంబాసిడర్ కొనకపోయారా?" అంటే, "మా కంపెనీ కారే కొన్నాను" అనేవారు. అవతలివాడికి అర్థమయ్యేది కాదు. ఆయన విడమరిచి చెప్పేవారూ కాదు.

వాల్‌చంద్‌కి కార్ల మీద ఆశ ఓడల కాలం నుంచే ఉంది. మనదేశంలో కార్లు తయారుచెయ్యాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930లలోనే పథకం వేసుకుని విదేశాలు తిరిగొచ్చారు. వాల్‌చంద్ ఆయనకి తోడయ్యాడు. తెల్లదొరల ప్రభుత్వం మాత్రం ఆసక్తి చూపలేదు. 1939లో ఆ కార్ల పని మీదే చేసిన అమెరికా ప్రయాణంలో, విమానంలో విలియం పాలీ అనే విమానాల వ్యాపారిని కలిశాడు వాల్‌చంద్. ఆ పరిచయం నుంచి 1940 డిసెంబరులో బెంగుళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది. అంటే కార్లకోసం బయల్దేరినవాడు ముందు విమానాల ఫ్యాక్టరీ పెట్టాడు! కారు చివరికి మిగిలింది. 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టి, క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుని, కుర్లాలో డాడ్జిలూ, ప్లిమత్‌లూ, ఫార్గో లారీలూ బిగించడం మొదలుపెట్టారు. ఫియట్ 1950ల మొదట్లో వచ్చింది. 1953లో వాల్‌చంద్ పోయాడు. మనం ఎరిగిన ఫియట్ ఆయన చూడనే లేదు.

సరిగ్గా ఆ 1953లోనే ఇంకో సంగతి జరిగింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించుకుంటామంటే కుదరదు, విడతలవారీగా ఇక్కడే తయారుచేస్తామన్నవాళ్ళే ఉండాలని టారిఫ్ కమిషన్ సిఫార్సు చేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. కార్ల బజారులో ముఖ్యంగా మిగిలింది ముగ్గురు: కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. ఎన్ని తయారుచెయ్యాలో లైసెన్సు చెప్తుంది. ఎలా అమ్మాలో 1959 కంట్రోల్ ఆర్డర్ చెప్తుంది. ధర దగ్గర గొడవొస్తే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1972లో ప్రీమియర్ కంపెనీ పేరు మీదే ఆ తీర్పు ఉంది. ఒక కారు ఎంతకి అమ్మాలో జడ్జిగార్లు కూర్చుని లెక్కలు చూడాల్సొచ్చిందంటే ఆ రోజులు ఎలాంటివో ఊహించుకోండి.

1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్ ఆ కాలపు బిడ్డ. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానిగా ఉండి కొనుక్కున్నది ఆ ఫియట్టే. ధర 12 వేలు, చేతిలో 7 వేలుంటే మిగతా 5 వేలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు. అది తీరకముందే 1966లో పోయారు. మిగిలింది ఆయన భార్య లలితగారు పింఛను డబ్బుతో తీర్చారు. ప్రధానికే కారు అంత భారమైతే డ్రాఫ్ట్స్‌మన్ సంగతి చెప్పేదేముంది?

ఇటలీలో ఆ 1100డి మోడల్ 1966లోనే ఆగిపోయింది. ఇక్కడ మాత్రం నడుస్తూనే ఉంది. లైసెన్సు గడువు అయ్యాక ఫియట్ పేరు తీసేసి 1972 ప్రాంతాల్లో ప్రెసిడెంట్ అన్నారు, 1974లో చిత్తోడ్ రాణి పేరు మీద పద్మిని అన్నారు. పేరు మారింది, ముందు జాలీ మారింది, లోపల అదే 1089 సీసీ ఇంజను. 2000 దాకా అదే! మనవాళ్ళకి తెలిసిన మాటల్లో చెప్పాలంటే, కంపెనీ సపోర్టు ఎత్తేసిన సాఫ్ట్‌వేర్‌ని మనం సోర్స్ కోడ్ కొనుక్కుని, బయటికి పోయే దారి లేక, 34 ఏళ్ళు ప్రొడక్షన్‌లో నడిపాం. పోనీ బగ్గులు సరిచేశామా అంటే అదీ లేదు. ఎండాకాలం పెట్రోలు పంపు దగ్గర వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోవడం అనే రోగం మాత్రం చివరిదాకా ఉంది. దానికి దేశమంతా కనిపెట్టిన మందు తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ వెయ్యడం, చల్లారాక మళ్ళీ స్టార్ట్ చెయ్యడం. దీన్నే మనం 'వర్క్ అరౌండ్' అని స్టైల్‌గా పిలుస్తున్నాం :-)

మా నాన్న 1988లో, అప్పటికే 9 ఏళ్ళ బండిని, ఓ డాక్టరుగారి దగ్గర కొన్నారు. ఐదేళ్ళ ముందే, 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మారుతి 800 మొదటి తాళాలు ఇచ్చేశారు. ఆ బండి కోసం లక్షమందికి పైగా డబ్బు కట్టి క్యూలో నిలబడ్డారు. అప్పటికే ఫియట్ రాజ్యం అయిపోయిందని అందరికీ తెలుసు. నాన్నకీ తెలుసు. కానీ ఆయన కుర్రతనం అంతా కారంటే ఫియట్, అదీ పరాయివాళ్ళది. ఇరవై ఏళ్ళు చూసిన కల చవగ్గా దొరికే రోజుకి అది పాతబడిపోయింది. అయినా అదే కొన్నారు.

నేను చాలా ఏళ్ళు దీన్ని ప్రేమ అనుకున్నాను. ఆస్పత్రి మంచం మీద పడుకుని పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ ఆలోచిస్తే ఇంకోలా అనిపించింది. ఆ తరం వస్తువుల మీద పెంచుకున్న మమకారంలో సగం కొరత చేసిన పనే. దొరకదు కాబట్టి వదలరు. వదలరు కాబట్టి ప్రతి మరా తెలుస్తుంది. తెలిసినదాని మీద ప్రేమ పుడుతుంది. ఇది తక్కువ చేసి అనడం లేదు, ప్రేమ ఎలా పుట్టినా ప్రేమే. కానీ నాన్నకి ఉన్న కారణం నాకు లేదు. నేను 2021లో హైదరాబాదు వదిలి ఇంటినుంచి పని అంటూ వైజాగ్ వచ్చేసి, షెడ్డులో ఉన్న బండికి లక్షలు పోసి బాగుచేయించింది కొరత వల్ల కాదు. నాన్న పోయారు, బండి ఉంది. అంతే.

ఇప్పుడు ఆగిపోయిన సంగతి. ఆపరేషన్‌కి మూడు నెలల ముందు, ఓ ఆదివారం సింహాచలం కొండ కింద బండి ఆగిపోయింది. మా ఆవిడ స్టీరింగ్ పట్టుకుంది, నేను వెనకనుంచి తోశాను. ఇరవై అడుగులు తోసేసరికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, ఎడం దవడ లాగేసింది. గ్యాస్ అనుకున్నాను (పొద్దున తిన్న పెసరట్టు మీద తోసేశాను). వారం తర్వాత మళ్ళీ తోశాను, మళ్ళీ అదే. అప్పుడు మా ఆవిడ ఒప్పుకోలేదు. యాంజియోగ్రామ్‌లో మూడు చోట్ల పూడికలు. తను అంటుంది, "ఆ కారు నిన్ను చంపేసేది". నేనంటాను, "అది ఆగబట్టే బయటపడింది, పవర్ స్టీరింగ్ బండయితే నిద్రలోనే పోయేవాణ్ణి". ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఈ వాదన తేలదు.

ఏడో వారం, తను మార్కెట్‌కి వెళ్ళినప్పుడు, దొంగతనంగా షెడ్డులోకి వెళ్ళి సీట్లో కూర్చున్నాను. ఊరికే చక్రం తిప్పి చూద్దామని రెండు చేతులా పట్టుకుని లాగాను. లోపల ఎక్కడో 'టక్'మంది. నొప్పేం లేదు. కానీ ఒళ్ళంతా చెమట. దిగడానికి కూడా భయమేసి అరగంట అలాగే కూర్చున్నాను. తను వచ్చి తలుపు తీసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎక్స్‌రేలో తీగలన్నీ సరిగానే ఉన్నాయన్నారు. బండి అమ్మేద్దాం అని ఆ రాత్రి నేనే అన్నాను.

అమ్మడం అనుకున్నంత తేలిక కాదు. 2021లో తుక్కు పాలసీ వచ్చాక, తుక్కుకిచ్చిన కాగితం చూపిస్తే కొత్త కారు రోడ్డు టాక్సులో 25 శాతం దాకా తగ్గించుకునే వీలుంది. 2022 ఏప్రిల్ నుంచి పాత కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 అయింది. 50 ఏళ్ళు నిండితే వింటేజ్ కింద మర్యాద దొరుకుతుంది, మాదానికి 2029లో కానీ నిండవు. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీకి 20 ఏళ్ళ గడువు 2023 అక్టోబరులో ముగిసినప్పుడు జనం ఫొటోలు దిగారు. షెడ్డులో ఉన్న ఒంటరి బండికి ఆ వైభోగం ఉండదు.

కంచరపాలెంలో మా మెకానిక్, నాన్న నాటి నుంచీ దీన్ని చూస్తున్న ముసలాయన, విషయం విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒగ్గీండి బాబూ. నాకూ కళ్ళు కనపడ్డం నేదు. నా తరవాత దీని కార్బొరేటరు ముట్టుకునేవోడేడీ?" అన్నాడు. ఆ మాటతో నాలో మిగిలిన బింకం కూడా పోయింది.

ఇద్దరు వచ్చారు. ఒకాయన విడిభాగాలకి అడిగాడు, డబ్బు ఎక్కువ ఇస్తానన్నాడు. ఇంకొకాయన రాజమండ్రి నుంచి వచ్చాడు, పాత కాలం కథల సినిమాలకి బళ్ళు అద్దెకిస్తాడట. అందులో సగం ఇస్తానన్నాడు. మా ఆవిడే, డబ్బు లెక్క తప్పితే ఊరుకోని మనిషి, రెండో ఆయనకివ్వమంది.

తీసుకెళ్ళే రోజు ఏప్రిల్ ఎండ. నన్ను తాళం కూడా తిప్పనివ్వలేదు, మా అబ్బాయి చోక్ లాగి స్టార్ట్ చేశాడు. ఒక్క దెబ్బకి అందుకుంది. రాజమండ్రి ఆయన బానెట్ ఎత్తి చూస్తూ, పెట్రోలు పంపు దగ్గర వైరుకి కట్టి ఉన్న గుడ్డ ముక్కని వేళ్ళతో పట్టుకుని "ఇదేంటండీ, చెత్త?" అని తీసెయ్యబోయాడు. నాన్న పాత ఖాకీ చొక్కా ముక్క అది. "ఉంచండి. అన్నవరం దాటాక ఓసారి ఆపి తడపండి" అన్నాను. మా ఆవిడ లోపలికెళ్ళి సీసాతో నీళ్ళు తెచ్చి ఆయన పక్క సీట్లో పెట్టింది.