కౌంటరుకి అటువైపు మనిషి

మా అమ్మ కరెంటు బిల్లు కట్టడాన్ని ఇప్పటికీ "ఈసేవ" అనే అంటుంది. నేను ఫోన్లో కట్టేసినా సరే, "ఈసేవ అయిందా?" అని అడుగుతుంది. ఆ మాట వెనక ఒక చిన్న చరిత్ర ఉంది.

1999 డిసెంబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' అనే ప్రయోగం మొదలైంది. 2001 ఆగస్టుకి అది ఈసేవ అయింది. అంతకుముందు కరెంటుకో ఆఫీసు, నీళ్ళకో ఆఫీసు, ఇంటి పన్నుకో ఆఫీసు. ఈసేవలో ఏ కౌంటరు దగ్గర నిలబడినా అన్నీ కట్టొచ్చు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. కంప్యూటర్ల గురించే అందరూ గొప్పగా చెప్పుకున్నారు గానీ, అసలు మార్పు వేరు. ఏ పని ఏ శాఖదో తెలుసుకునే బరువు జనం మీంచి దిగింది. ఇవాళ మనం యూజర్ ఎక్స్‌పీరియన్స్ అంటున్నది అదే కదా!

ఇంకోటి, కౌంటరుకి అటువైపు ఒక మనిషి ఉండేది. అమ్మకి చదవడం వచ్చు, ఫారాలు నింపడం రాదు. "నంబరు చెప్పండమ్మా" అని ఆ అమ్మాయే కొట్టేది.

2011 నవంబరులో మీసేవ వచ్చింది. డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్లు రావడంతో ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గింది. తర్వాత చాలా సేవలు నేరుగా మన ఫోన్లలోకే వచ్చాయి. క్యూ పోయింది. క్యూతోపాటు ఆ మనిషీ పోయింది.

నాన్న పోయాక, ఊళ్ళో పొలం అమ్మ పేరున మార్పించడానికి ఒక పోర్టల్ ముందు కూర్చున్నాను. పట్టా, ఖాతా, పహాణీ, విరాసత్. విరాసత్ అంటే వారసత్వమని వెతికి తెలుసుకున్నాను. ఒకప్పుడు ఈ మాటలు పట్వారీ గుప్పిట్లో ఉండేవి. అవి తెలియడమే ఆయన పెత్తనం. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థని రద్దు చేసింది. పట్వారీ పోయాడు గానీ ఆయన భాష తెరమీదికొచ్చి కూర్చుంది.

నాన్న పేరు కొట్టాను. "వివరాలు సరిపోలలేదు" అంది. ఏది సరిపోలలేదో చెప్పలేదు. ఆ మూడు రోజులూ అదే పేరు మళ్ళీ మళ్ళీ కొడుతుంటే, ఆయన అసలు ఉన్నట్టే ఎక్కడా లేదేమో అనిపించింది.

చివరికి మా వీధి నెట్ సెంటరు తమ్ముడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "ఆధార్‌ల ఉన్నట్టు కాదన్నా, పాస్‌బుక్కుల ఎట్లుందో అట్ల కొట్టాలె."

ఈ ఒక్క వాక్యం ఆ తెరమీద రాసి ఉంటే చాలు కదా! రాయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. అవతల మా అమ్మ కూర్చుని ఉందని గుర్తుంటే చాలు.