అక్కడ మేం హిందీలం

'అరబ్బు దేశాలకు పోండి' అని మమ్మల్ని తిట్టేవాళ్లకు ఒక సంగతి తెలియదు. పోయాం. యాభై ఏళ్లుగా పోతూనే ఉన్నాం. పోతే అక్కడివాళ్లు మమ్మల్ని పిలిచిన పేరు 'హిందీ'. అరబ్బీలో ఆ మాటకు హిందుస్తాన్ వాడని అర్థం. నమాజు వరసలో పక్కన నిలబడ్డవాడికీ, జీతమిచ్చే కఫీల్‌కీ, నడిరోడ్డు మీద ఇఖామా చూపించమనే పోలీసుకీ మేం హిందీలమే. ప్రతి క్రికెట్ మ్యాచ్‌కీ ఇక్కడ మేం పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిన సర్టిఫికెట్‌ను అక్కడ అడక్కుండానే చేతిలో పెట్టారు!

పరదేశపు కూలి మాతో మొదలైంది కాదు. మాకంటే ముందు అరబ్బులే ఇక్కడికి బతకడానికి వచ్చారు. యెమెన్‌లోని హద్రమౌత్ కరువు నేల నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరారు. హైదరాబాదులో బార్కస్ అనే పేటకు ఆ పేరు బ్యారక్స్ నుంచే వచ్చింది. ఇక్కడ జమాదారీ చేసి కూడబెట్టిన డబ్బుతోనే ఖుఐతీ వంశం వాళ్లు తమ దేశంలో రాజ్యం నిలబెట్టారు. 1967 దాకా ముకల్లాను ఏలారు. వాళ్లను మనవాళ్లు పరాయివాళ్లని ఎప్పుడన్నారు? 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిశాక. అరబ్బులని పేరుపెట్టి నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. తరాల తరబడి ఇక్కడ ఉన్నవాళ్లకు కూడా ఊరు ఏదని అడిగితే భయమేసిన కాలమది.

ఇంకో ముచ్చట. చమురు డబ్బు పొంగకముందు కువైట్, దుబాయి బజార్లలో చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసం వేరే రంగులో ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది. 1966లో ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక మిగిలినవాళ్లూ వదిలేశారు. ఆ తర్వాత ఏడేళ్లకే, 1973లో, చమురు ధర పెరిగింది. రూపాయిని వదిలేసిన దేశాలకు రూపాయి మనుషులు కావలసి వచ్చారు.

పాతబస్తీ నుంచి జెద్దా, రియాద్‌లకు పోయారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికి పోయినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు, పద్మశాలీలు, ముదిరాజులు. మంచం మీద మంచం వేసిన క్యాంపు గదుల్లో వాళ్లతో కలిసే ఉన్నాం. ఊళ్లో వేరే వాడల్లో బతికినవాళ్లం అక్కడ ఒకే చింతపండు పులుసు వంతులేసుకుని వండుకున్నాం. ఆ వాసనకు పక్కగది పఠాన్‌లు ముక్కు మూసుకునేవాళ్లు.

సుఖాలు లేవని అబద్ధమాడం. ఐదు పూటలా అజాన్ ఎవరికీ అభ్యంతరం కాని చోట బతకడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. హోటల్లో కూర్చుని మాంసం హలాలా అని అడగక్కర్లేదు. రంజాన్‌లో పని ఆరు గంటలకు తగ్గించాలని సౌదీలో చట్టమే ఉంది. జెద్దాలో ఉన్నవాడు గురువారం రాత్రి బస్సెక్కి ఉమ్రా చేసి వచ్చేవాడు. ఇక్కడ వాళ్ల నాయన జీవితమంతా చిట్టీ కట్టినా తీరని కోరిక అది. అజీజియా పేటలో హైదరాబాదీ బిర్యానీ, మిర్చీ కా సాలన్ దొరికేవి. ఏసీ గదిలో నిద్ర, ఆగని కరెంటు! ఇల్లు అద్దెకడిగితే పేరు విని తలుపు వేసుకోని ఊరు! ఈ చివరిదానికి రియాళ్లలో వెల కట్టలేం.

అయితే ఆ వరసలో భుజం భుజం కలిసేది సలాం చెప్పేదాకే. మసీదు గడప దాటితే కఫీల్ కఫీలే. పాస్‌పోర్ట్ అతని బీరువాలో ఉంటుంది. ముప్పై ఏళ్లు పనిచేసినా పౌరుడివి కావు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీరు 'ఎక్స్‌పాట్', మనం 'లేబర్'. ఒకే పని చేసినా జీతం పాస్‌పోర్ట్ రంగును బట్టే. ఉమ్మత్ అంటూ ప్రసంగించే మా పెద్దలు ఈ కఫాలా గురించి ఎన్నడూ నోరెత్తలేదు. బహుశా వాళ్ల కొడుకులు అక్కడ సూపర్‌వైజర్లు కావడం వల్లనేమో.

మగవాళ్ల కష్టమైనా కథల్లోకి ఎక్కింది. 'ఖద్దామా' వీసా మీద కువైట్ పోయిన కడప సీమ ఆడవాళ్ల సంగతి? కంపెనీ కూలీది 18 నంబరు వీసా, ఇంటిమనిషిది 20. 2015 దాకా ఆ 20 నంబరు వాళ్లకు కువైట్‌లో సొంత చట్టమే లేదు. బాబా, మామా అని పిలుస్తూ వాళ్ల పిల్లల్ని పెంచారు. సొంత పిల్లలు రాయచోటిలో అవ్వ దగ్గర పెరిగారు. తట్టుకోలేక పారిపోయి బయట పనిచేసేవాళ్లకు 'కల్లివల్లి' అని పేరు. ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడే వాళ్లు వెలుగులోకి వస్తారు.

ఫోన్లు లేని కాలంలో ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్లు. ఊరెళ్లే మనిషి చేతికి క్యాసెట్, సెంటు సీసా, నీడో పాలపొడి డబ్బా ఇచ్చేవాళ్లు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుంటే భార్యకు చెప్పవలసిన మాట ఎట్లా చెబుతాడు? బియ్యం ధర అడిగి ఊరుకునేవాడు.

ఆ డబ్బు మీద ఎన్ని పుకార్లు! 1981లో మీనాక్షిపురం దళితులు ఇస్లాంలోకి వస్తే పెట్రో డాలర్లే కారణమన్నారు. అంటరానితనం కనబడలేదు. మాకు తెలిసిన పెట్రో డాలర్లు చెల్లెలి పెళ్లికి, ఇంటి స్లాబుకు, ఏజెంటు అప్పుకు, తమ్ముడి ఇంగ్లీషు మీడియం ఫీజుకు సరిపోలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగిన నాడు దినార్లు చిత్తుకాగితాలయ్యాయి. ఎడారి దాటి జోర్డాన్ చేరిన భారతీయుల్ని అమ్మాన్ నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. మొత్తం దాదాపు 1,70,000 మంది. ఆ విమానం మెట్ల దగ్గర ఎవరి మతం ఏమిటని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమే లేదు, అందరి చేతుల్లోనూ ఒకే పాస్‌పోర్ట్. యుద్ధం ముగియగానే వాళ్లలో చాలామంది మళ్లీ అక్కడికే పోయారు. ఇక్కడ పని దొరికితే ఎందుకు పోతారు?

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు వంద రియాళ్ల పన్ను వేసింది. ఏటా వంద పెంచుతూ 2020కి నాలుగొందలు చేసింది. భార్యాపిల్లల్ని పంపేసి మగవాళ్లు మళ్లీ క్యాంపు గదుల్లోకి చేరారు. టోలీచౌకీలో ఇళ్ల అద్దెలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. జెద్దాలో పుట్టిన పిల్లలు ఇఖామా మీద హిందీలుగానే పెరిగారు గానీ ఎంబసీ స్కూళ్లలో తెలుగు లేదు. 2018లో తెలంగాణలో ప్రతి బడిలోనూ తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అరబ్బీ గడగడా చదివే పిల్లలు అ ఆల దగ్గర ఆగిపోయారు. తల్లులు ఇంటింటా అడిగి తెలుగు ట్యూషన్ చెప్పేవాళ్లను వెతుక్కున్నారు.