రెండు పాదాలూ ఒక్కసారే

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కూచిపూడి తరంగం చూసినవాళ్లకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడ్డ నర్తకికి రెండు పాదాలూ ఒక్కసారే పనిచేయాలి. వీడియో గేమ్ పెట్టెలకి మాత్రం ఇంత చిన్న సంగతి నేర్పడానికి చాలా తంటాలు పడాల్సి వచ్చింది. వాటిని తయారుచేసింది చేతి బొటనవేలి కోసం మరి. ప్లస్ గుర్తులా ఉండే మీటని ఎడమవైపు నొక్కితే కుడివైపు పైకి లేస్తుంది. రెండువైపులా ఒకేసారి నొక్కడం వేలికి కుదరదు. కుదరని పనికి లెక్క ఎవరు రాసిపెడతారు?

కాలితో ఆడించాలన్న కోరిక పాతదే. 1986లో జపాన్ కంపెనీ బండాయ్, నింటెండో వారి గేమ్ పెట్టె ఫ్యామికామ్ కోసం ఫ్యామిలీ ట్రైనర్ అనే చాపని తెచ్చింది. దాన్నే నింటెండో కొనుక్కుని 1988లో అమెరికాలో పవర్ ప్యాడ్ పేరుతో అమ్మింది. ఒకవైపు పన్నెండు గళ్లు, దేని స్విచ్ దానిదే కాబట్టి ఎడమ కుడి పేచీ రాలేదు. వచ్చిన పేచీ వేరు. పరుగు పందెంలో పిల్లలు చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులతో దబదబా బాది గెలిచేవారు.

అసలు ఊపు 1998లో, కొనామి జపాన్ ఆర్కేడ్లలో పెట్టిన డాన్స్ డాన్స్ రివల్యూషన్ అనే ఆటతో వచ్చింది. నాలుగు బాణాలు, ఉక్కు వేదిక, మీద పారదర్శకమైన పలకలు. ఒక్కో బాణం పలక కింద నాలుగు అంచులకీ నాలుగు సెన్సర్లు ఉంటాయి, కాలు ఏ మూల పడినా తెలియాలని. మరుసటి ఏడాదే ప్లేస్టేషన్‌కి ఇంటి ఆట వచ్చింది. దానికి మెత్తటి చాప: కరెంటు పారే రెండు పొరలు, మధ్యలో చిల్లులున్న స్పాంజి. తొక్కితే చిల్లులోంచి పొరలు తాకుతాయి, అంతే.

ఇక్కడ కొనామికి అదృష్టం కలిసొచ్చిందనే నా అభిప్రాయం. ప్లేస్టేషన్ జాయ్‌స్టిక్ తన మీటల సంగతి పదహారు బిట్లలో పంపుతుంది. ఎడమకొక బిట్, కుడికొక బిట్. వేలు రెండూ నొక్కలేకపోయినా, రెండూ నొక్కారని చెప్పే చోటు మాత్రం అందులో ఉంది. ఆ చోటులోకే పాదాలు దూరాయి.

ఆర్కేడ్‌లో ఉక్కు మీద ఎగిరినవాడికి ఇంట్లో జారిపోయే చాప ఏం ఆనుతుంది? అందుకే కొందరు ఔత్సాహికులు పాత ఆర్కేడ్ వేదికలనే కొని ఇంటికి చేర్చారు. వేదికలో ఉండే బోర్డు తన సొంత యంత్రంతో తప్ప మాట్లాడదు. దాన్ని పక్కనపెట్టి, ఒక్కో పలక కింది నాలుగు సెన్సర్లనీ సమాంతరంగా కలిపి ఒకే జత వైరు లాగారు. ప్లేస్టేషన్ జాయ్‌స్టిక్ విప్పి, రాగిగీత మీది పూత గీకి, ఆ వైర్లని టంకం పెట్టారు. నాలుగు బాణాలకి నాలుగు వైర్లు, అన్నింటికీ ఒక గ్రౌండ్. కన్సోల్‌కి తెలిసిందల్లా ఎవరో మీటలు నొక్కుతున్నారని.

2001లో ఇలాంటి ఆటనే కంప్యూటర్‌లో ఆడించే స్టెప్‌మేనియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇదే వైరు కంప్యూటర్‌కి చేరింది, పాత చిక్కు మళ్లీ మొలిచింది. చాలా యూఎస్‌బీ అడాప్టర్లు దిక్కుల్ని ఒకే గీత మీద కొలిచేవి. ఎడమ మైనస్, కుడి ప్లస్, రెండూ కలిస్తే సున్నా. ఒళ్లు దాచుకోకుండా ఎగిరి రెండు బాణాల మీదా పడ్డవాడికి యంత్రం ఇచ్చే తీర్పు: నువ్వసలు కదలలేదు. దిక్కుల్ని నాలుగు విడి మీటలుగా చూపే అడాప్టర్లు వాడితేగానీ ఆ అన్యాయం తీరలేదు.

మన చిక్కడపల్లి చుట్టుపక్కల ఈ పనికి కావలసిన సరుకు దూరమేమీ కాదు. వైర్లు, స్విచ్‌లు, టంకం కోసం నారాయణగూడ నుంచి కోఠి గుజరాతీ గల్లీకి వెళితే చాలు. అడ్డం వచ్చేది ఇల్లే. అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ల గది నెత్తిన ఉక్కు పలకల మీద ఎగిరితే, పాట పూర్తయ్యేలోపే ఓనర్ మెట్లెక్కి వస్తాడు. ఇక్కడి ఇళ్లకి సరిపడేది టీవీకి నేరుగా గుచ్చుకునే చవక చైనా డాన్స్ మ్యాటే.

చాపలమ్మిన చేతులు మాత్రం పెద్ద వ్యాపారానికే ఎదిగాయి. డాన్స్ ప్యాడ్లు చేసిన అమెరికా కంపెనీ రెడ్ఆక్టేన్, 2005లో ప్లాస్టిక్ గిటార్‌తో ఆడే గిటార్ హీరోని తెచ్చింది. ఆట మళ్లీ కాలి నుంచి చేతికి మారింది.

ప్లేస్టేషన్ 2 కోసం హైదరాబాద్ సంస్థ అరోనా టెక్నాలజీస్ కూడా ఒక ఆట చేసింది, 2009లో. పేరు హనుమాన్: బాయ్ వారియర్. సముద్రాన్నే దూకినవాడి ఆట. అందులో గెంతాలన్నా నొక్కాల్సింది చేతి బొటనవేలితోనే.