అట్ట వెనక చరిత్ర

ముందుగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. 1983లో, మన బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, ఇంట్లో ఉన్న వారపత్రికలోంచి ఆల్విన్ వాచీ ప్రకటన కత్తిరించి నోటుబుక్కులో అంటించుకున్నాను. ఆ కాగితం వెనకవైపు, అమ్మ ఏడాదిగా పేజీలు దాస్తున్న సీరియల్ ముగింపు ఉంది. అమ్మ తిట్టలేదు. ఆ పేజీ ఉండాల్సిన చోట ఒక తెల్లకాగితం పెట్టి బైండు చేయించింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పాత ప్రకటనల పిచ్చి అలా పట్టుకుంది. ఆదివారం వస్తే తార్నాకలో బస్సెక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర దిగేవాణ్ణి. ఇప్పుడు రెండు బీరువాల పత్రికలున్నాయి. కత్తిరించడం మాత్రం ఎప్పుడో మానేశాను.

ప్రకటనలంటే పేజీలు నింపడానికి వేసేవని చాలామంది అనుకుంటారు. మన పత్రికల చరిత్ర వేరే మాట చెబుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం అండతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. మద్రాసులో కేసరి గారు 'లోధ్ర' మందు అమ్ముతూ 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి స్థాపించారు. మందు సీసా పత్రికను పోషించింది, పత్రిక మందును ఇంటింటికీ చేర్చింది.

ఇంజనీరుగా నాకు నచ్చేది మరొకటి ఉంది. అట్ట ఊడిపోయి తేదీ తెలియని పత్రికకు ప్రకటనే కొలబద్ద. ధర 'నయాపైసల్లో' ఉంటే అది 1957 ఏప్రిల్ తర్వాతది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. అసలుదా, నకలా అన్న అనుమానం వస్తే కాగితం వెనక వేలితో తడమండి. సీసం అక్షరాలతో అచ్చయినదైతే చాలాసార్లు ఆ ఒత్తు చేతికి తెలుస్తుంది. ఫొటోకాపీకి అది ఉండదు.

ఆల్విన్ సంగతే చూడండి. 1942లో మన హైదరాబాదులో పుట్టి ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, వాచీలు తయారుచేసింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. కాలనీ పేరులో మిగిలింది, పాత పత్రికల వెనక అట్టల మీద మిగిలింది.

కానీ ఆ అట్టలే ముందు పోతాయి. సంచికలు బైండు చేసేటప్పుడు కథలు ఉంచి, అట్టలూ ప్రకటనల పేజీలూ తీసేయడం మనకు అలవాటు. అప్పుడు జనం ఏం చదివారో మిగులుతుంది. ఏం కొన్నారో, దేనికి ఆశపడ్డారో పోతుంది.

అందుకే పూర్వ విద్యార్థులకు, మా గురువులకు ఒక మనవి. మన బడి పాత వార్షిక సంచికలు మీ అటకల మీద ఉండవచ్చు. వాటి చివరి పేజీల్లో ఆనాటి తార్నాక ఉంటుంది: మనకు యూనిఫారాలు కుట్టిన టైలరు, నోటుబుక్కులు అమ్మిన కొట్టు, సైకిల్ షాపు. పాత పేపర్లవాడికి వేయకండి. పేజీలు చింపి పంపకండి. సంచిక మొత్తంగా తీసుకురండి, స్కాన్ చేసుకుని భద్రంగా తిరిగిస్తాను.

ఈ స్వర్ణోత్సవ సంచిక చివర కూడా ప్రకటనలున్నాయి. వాటినీ ఒకసారి చదివి, పుస్తకాన్ని చింపకుండా దాచండి. యాభై ఏళ్ల తర్వాత మన బడి పిల్లలెవరో వాటి కోసమే వెతుక్కుంటూ వస్తారు.