పట్టా మీద కొట్టివేసిన ఒక్క మాట

ఈ సభలకు వచ్చిన మన కుటుంబాల్లో ఇంజనీరింగు చదివిన ఆడపిల్ల ఉండటం ఈనాడు వింత కాదు. కాని భారతదేశంలో ఇంజనీరింగు పట్టా అందుకున్న తొలి మహిళల్లో ఒక తెలుగు ఆడపడుచు ఉన్నారనీ, ఆమె 1964లోనే న్యూయార్కు సదస్సుకు వచ్చి వెళ్ళారనీ మనలో ఎందరికి తెలుసు? ఆమే అయ్యలసోమయాజుల లలిత.

లలిత 1919లో మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. పదిహేనో ఏట పెళ్ళయింది. 1937లో, పద్దెనిమిదో ఏట, నాలుగు నెలల పసిపాప ఒడిలో ఉండగా భర్త పోయారు. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి యాభై ఏళ్ళు దాటింది. అయినా వితంతువు బతుకు వంటింటి గోడల మధ్యనే గడిచేది. లలిత మాత్రం తన కాళ్ళ మీద తాను నిలబడాలనుకున్నారు. డాక్టరయితే అర్ధరాత్రి కూడా పాపను వదిలి వెళ్ళాల్సి వస్తుందని, తండ్రి దారిలో ఇంజనీరింగు ఎంచుకున్నారు.

కోరిక ఉంటే చాలదు, తలుపు తెరిచేవాళ్ళూ ఉండాలి. తండ్రి అడిగారు. ప్రిన్సిపాల్ కె.సి. చాకోగారు ఒప్పుకున్నారు. ప్రభుత్వ విద్యాశాఖ అనుమతించింది. 1940లో వందలమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కరే ఆడపిల్ల. ఆ ఒంటరితనం చూసి, ఆడపిల్లలు కూడా చేరవచ్చునని కళాశాల పత్రికా ప్రకటన ఇచ్చింది. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగులో చేరారు. ముగ్గురూ ఉత్తీర్ణులయ్యాక వాళ్ళ పట్టాల మీద అచ్చులో ఉన్న 'అతడు' అనే మాటను కలంతో కొట్టివేసి 'ఆమె' అని రాయవలసి వచ్చింది. ఆడవాళ్ళు వస్తారని ఆ కాగితం అచ్చువేసినవాళ్ళు ఊహించనే లేదు!

లలిత మొదట సిమ్లాలో ప్రభుత్వ సంస్థలోనూ, 1948 నుంచి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లోనూ పనిచేశారు. విద్యుత్ లైన్ల, సబ్‌స్టేషన్ల డిజైన్లు ఆమె పని. అన్నదమ్ముల ఇళ్ళలో ఉంటూ ఉద్యోగం చేశారు. పాపను చూసుకోవడానికి ఇంట్లో మనుషులున్నారు. ఆ అండ లేని ఆడవాళ్ళు ఎందరో చదువుండీ ఇంట్లోనే ఉండిపోయారు. అందుకే ఒకరి అదృష్టాన్ని అందరి హక్కుగా మార్చడానికి చట్టాలు కావలసి వచ్చాయి. భారతదేశంలో ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో, సమాన వేతన చట్టం 1976లో వచ్చాయి. యాభై మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్న నిబంధనకు మాత్రం 2017 దాకా ఆగవలసి వచ్చింది. లలిత 1977లోనే పదవీ విరమణ చేసి, 1979లో కన్నుమూశారు.

1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. దానికి లలిత వచ్చారు. ఒకే పనికి ఒకే జీతమన్న అమెరికా చట్టం సరిగ్గా ఆ నెలలోనే అమలులోకి వచ్చింది. ఆడవారన్న కారణంతో ఉద్యోగంలో వివక్ష చూపరాదన్న పౌరహక్కుల చట్టం మీద సంతకం పడింది జూలై 2న. అంటే మనం గొప్పగా చెప్పుకునే ఈ దేశం కూడా ఆ దారిలో అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది.

ఇక మన ఇళ్ళకు వద్దాం. ఇంజనీరింగు పట్టాలు పెట్టెలో సర్దుకుని హెచ్-4 వీసా మీద వచ్చి, పనిచేసే అనుమతి లేక ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన మన కోడళ్ళను, అక్కచెల్లెళ్ళను మనమెరుగుదుం. 2015లో వాళ్ళలో కొందరికి ఆ అనుమతి వచ్చింది. నిబంధనలో మార్పు వస్తేనే మళ్ళీ వాళ్ళ చదువుకు విలువ వచ్చింది. అయితే అనుమతి వచ్చాక కూడా పాపను ఎవరు చూసుకుంటారు, వంట ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. వాటికి చట్టసభలు జవాబు చెప్పవు, మనమే చెప్పాలి.

లలితగారి కథలో ఆమె పట్టుదలతో పాటు అడిగిన తండ్రి, ఒప్పుకున్న ప్రిన్సిపాల్, బిడ్డను చూసుకున్న కుటుంబం ఉన్నారు. మన ఆఫీసుల్లో ఉద్యోగాలిచ్చే స్థానంలో ఈనాడు మనవాళ్ళు ఎందరో ఉన్నారు. మన చేతి కింద ఉన్న కాగితాల్లో కొట్టివేయవలసిన మాటలు ఇంకా ఏమున్నాయో ఒకసారి చూసుకుందాం.