స్పెయిన్‌లో ఒక నది, దాని కళ్ళు, రైతుల బోర్లు



పోయిన వేసవిలో బోర్ల గురించి నేను పెట్టిన పోస్టు కింద మీలో చాలామంది ఒకటే మాట అడిగారు: "నా పొలంలో నేను బోరు వేసుకుంటే ఎవరికి నష్టం?" అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈమధ్య స్పెయిన్ దేశంలో పక్షులు చూడ్డానికి జనం వెళ్ళే ఒక మడుగు గురించి చదివాను, వీడియోలు చూశాను. పక్షుల కోసం మొదలుపెట్టి చివరికి రైతుల దగ్గర తేలాను. అందుకే మీకు రాస్తున్నా.

స్పెయిన్ నడిమధ్యలో లా మంచా అని బల్లపరుపు నేల. ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన, మన అనంతపురం కంటే తక్కువే. ద్రాక్ష, బార్లీ, ఆలివ్ చెట్లు. అంత మెట్ట నేలలో దైమియెల్ అనే ఊరి దగ్గర రెండు నదులు కలిసి మైళ్ళ కొద్దీ పరుచుకుని మడుగు కట్టేవి. ఒకటి సిగ్వెలా, కాస్త ఉప్పునీళ్ళు, ఎండాకాలం వచ్చిందంటే ఎండిపోతుంది. రెండోది గ్వాదియానా. దీనికి నీళ్ళు భూమిలోంచి ఊటగా వచ్చేవి. ఆ ఊటలు పుట్టే చోటుని అక్కడివాళ్ళు 'గ్వాదియానా కళ్ళు' అంటారు. వానలు లేకపోయినా ఆ కళ్ళు తీపి నీళ్ళు ఇస్తూనే ఉండేవి. ఆ నీటి మీద పిండి మరలు తిరిగాయి. బాతులు, ఎర్రకొంగలు గూళ్ళు కట్టుకున్నాయి.

ఆ రోజుల్లో రైతులు గాడిదనో కంచరగాడిదనో కట్టి చక్రం తిప్పి బావి నీళ్ళు తోడేవాళ్ళు. మన మోట లాంటిదే అనుకోండి. పశువు అలిసిపోతే తోడడం ఆగేది. భూమికీ ఊపిరి తీసుకునే టైం దొరికేది.

1956లో అక్కడి ప్రభుత్వం ఈ చిత్తడి నేలలు ఎండగట్టి సాగులోకి తేవాలని చట్టమే చేసింది. కాలవలు తవ్వారు. పక్షుల కోసం కొట్లాడినవాళ్ళ పుణ్యమా అని 1973లో దైమియెల్ మడుగు నేషనల్ పార్కు అయింది. అప్పట్లో సుమారు 1,900 హెక్టార్లు, మన లెక్కలో 4,700 ఎకరాలు. హమ్మయ్య, బతికింది అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళలోకి మోటార్లు దిగాయి. మొక్కజొన్న, అల్ఫాల్ఫా, చెరకుదుంప వేశారు. తరతరాలుగా వానకే పండిన ద్రాక్షకీ తడులు పెట్టారు. పంట పెరిగింది, ఇళ్ళు మారాయి. మనం మాత్రం వద్దనేవాళ్ళమా? పార్కు చుట్టూ గీత గీసి కాపలా పెట్టారు గానీ, ఆ గీత కింద ఉన్న నీళ్ళకి గీత ఎవరు గీస్తారు? 1980ల మొదట్లో గ్వాదియానా కళ్ళు ఎండిపోయాయి. నది పుట్టిన చోట నాగలి పెట్టి పంట వేశారంటే నమ్ముతారా!

1985లో కొత్త నీటి చట్టం భూగర్భ జలం ప్రజల ఆస్తి అంది. 1987లో అక్కడి భూగర్భ జలం మితిమీరి వాడేశారని ప్రకటించి, కొత్త బావులకి అడ్డు పెట్టి, తోడకానికి కోటాలు పెట్టారు. అప్పటికే అనుమతి లేని బావులు వేలల్లో ఉన్నాయి. 1990ల్లో యూరప్ డబ్బుతో తక్కువ తోడిన రైతుకి పరిహారం ఇచ్చారు. ఇచ్చినంత కాలం తోడకం తగ్గింది. ఈ ముక్క మాత్రం మన నాయకులు చదవాలి. ఉత్త నీతులు చెబితే మోటారు ఆగదు.

2009లో జరిగింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మడుగు అడుగున వేల ఏళ్ళుగా కుళ్ళిన రెల్లు పేరుకుని ఉంటుంది. తడి ఉన్నంతకాలం ఏమీ కాదు. ఎండి బీటలు వారి గాలి చొరబడితే దానంతటదే అంటుకుంటుంది. పచ్చిగడ్డి వామి వేస్తే లోపల వేడెక్కి పొగలొచ్చేది మీకు తెలుసు కదా, అట్లా అన్నమాట. పార్కు కింద భూమి మంట కనపడకుండా నెలల తరబడి పొగలు కక్కింది. వేరే నది నీళ్ళు పైపుల్లో తెచ్చారు. అదే చలికాలం దేవుడు కరుణించి వానలు దంచికొట్టాయి. మడుగు నిండింది. 2012 నాటికి గ్వాదియానా కళ్ళలో కూడా మళ్ళీ నీళ్ళు ఊరాయి. మూడు దశాబ్దాల తర్వాత! ముసలివాళ్ళు వెళ్ళి చూసి వచ్చి ఉంటారు, నేనైతే వెళ్ళేవాణ్ణి.

ఎక్కువ కాలం నిలవలేదు. మళ్ళీ కరువు ఏళ్ళు, మళ్ళీ తోడకం. ఇప్పుడు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు నీళ్ళ మీద కట్టిన చెక్క బాట మీద నడుస్తారు, చెక్క గుడిసెల్లో చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. మంచి ఏడాది అయితే ఎర్రముక్కు బాతులు, శీతాకాలంలో ఉత్తరం నుంచి వచ్చే పెద్ద పెద్ద క్రేన్ కొంగలు కనపడతాయి. చెడ్డ ఏడాది అయితే చెక్క బాట కింద బీటలు వారిన మట్టి.

మీరు అడిగిన దానికి ఇదే నాకు దొరికిన జవాబు. లా మంచాలో ఏ ఒక్క రైతు బోరూ ఆ నదిని ఎండగట్టలేదు. ఎవరికి వాళ్ళు తమ పొలంలోనే వేసుకున్నారు.

ఒక చిన్న పని చెయ్యండి. మీ ఊళ్ళో మోట తోలిన రోజుల్లో బావిలో నీళ్ళు ఎన్ని మట్ల లోతున ఉండేవో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఇప్పుడు మీ బోరు ఎన్ని అడుగులో దాని పక్కనే కింద రాయండి. మాది: అప్పుడు నాలుగు మట్లు, ఇప్పుడు 640 అడుగులు.